మెట్టపొలమునకు తగిన పండ్లచెట్టు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామములో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా, ఆ యూరివారు ఒక తరముపాటు ఒక పనిని విడువక కాపాడినారని అర్థము. పుస్తకము కొని బీరువాలో పెట్టుట ఒకనాటి పని. దానిని చదువరుల చేతికి అందించుచు, చినిగినదానిని అతికించుచు, చందాలు వసూలు చేయుచు నడుపుట ఏండ్ల తరబడి పని. పండ్లచెట్టు విషయమును ఇట్టిదే. మొక్కను నాటుట ఒక పూట పని. దానిని కాపునకు తెచ్చుట అయిదేండ్ల పని, కొన్నింటి విషయమున పదేండ్ల పని. కావున ఈ రజతోత్సవ సందర్భమున, నీటి వసతి లేని మెట్టపొలమునకు ఏ పండ్లచెట్టు తగునను ప్రశ్నను ఎత్తుకొనుట అసందర్భము కాదు.

వేరుసెనగ తప్పినచో రైతు ఆ యేటి విత్తనమును, కూలిని, ఎఱువును పోగొట్టుకొనును. అది చిన్న నష్టము కాదు. అయినను మఱుసటి యేడు విత్తనమును మార్చుకొనవచ్చును, పైరునే మార్చుకొనవచ్చును. చెట్టు విషయమున అట్టి వీలు లేదు. తగని చెట్టును నాటినవానికి ఆ సంగతి మొదటి సంవత్సరమున తెలియదు, రెండవ సంవత్సరమునను తెలియదు. మంచి వానలు పడిన నాలుగైదేండ్లు మొక్క ఏపుగా పెరిగి చూచువారికి ముచ్చట గొలుపును. సరిగా కాపునకు వచ్చు వేళ ఒక కఱవు తగిలినప్పుడు గాని దాని అసలు బలము బయటపడదు. అప్పటికి పొలము దానికి కట్టుబడిపోయి యుండును. అప్పు పెరిగి యుండును. రైతు వయస్సును గడచి యుండును. ఈ నష్టమును తప్పించు ఉపాయము నాటిన తరువాత లేదు. ఎన్నుకొను నాడే కలదు.

వాన లెక్క

ఎన్నిక వానతో మొదలుకావలెను. అనంతపురము సీమను ఉదాహరణముగా తీసికొనుట మేలు. 2022 ఏప్రిలులో ఆ జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలుగా విభజింపబడినది గాని, వానకు ఆ హద్దులు లేవు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటునప్పటికే తన నీటిలో అధికభాగమును ఆవలి వాలున కురిసివేయును. ఈశాన్య ఋతుపవనము బంగాళాఖాతము నుండి వచ్చి, కోస్తాలో కురిసి, లోపలి సీమకు చేరుసరికి క్షీణించును. రెండింటి నడుమ చిక్కిన ఈ నేలకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుచున్నది.

ఈ వానను నీటి కొలతలోనికి మార్చి చూచిన ఒక వింత కనబడును. ఒక ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది నాలుగు వేల లీటర్లకు కొంచెము పైగా నీరగును. 550 మిల్లీమీటర్లకు లెక్కగట్టిన ఎకరమునకు 22 లక్షల లీటర్లు. ఎకరమున 60 చెట్లున్నచో ఒక్కొక్క చెట్టు వంతునకు 36 వేల లీటర్లకు పైగా వచ్చును. లెక్కను బట్టి ఇది తక్కువ నీరు కాదు. మఱి చెట్లు ఎందుకు ఎండుచున్నవి?

కారణములు రెండు. మొదటిది, ఆ వాన ఒక క్రమమున పడదు. జూనులో తొలకరి పలుకరించి పోవును. జూలై, ఆగస్టులలో వారముల తరబడి గాలి తప్ప వాన యుండదు. పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలలో నాలుగు పెద్దవానలు పడి, నేల త్రాగగలిగినంత త్రాగగా తక్కినది వంకల వెంట పోవును. రెండవది, డిసెంబరు మొదలు మే వఱకు దాదాపు ఆఱు నెలలు లెక్కింపదగిన వానయే లేదు. కావున మెట్ట రైతు అడుగవలసిన ప్రశ్న 'ఈ చెట్టునకు ఎంత నీరు కావలెను?' అనునది మాత్రమే కాదు. 'ఈ చెట్టునకు ఏ నెలలో నీరు కావలెను?' అనునదియే అంతకంటె ముఖ్యమైనది.

చీనీతోట నేర్పిన పాఠము

ఈ రెండవ ప్రశ్నను విడిచినందువలన ఏమి జరుగునో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. ఇతర ప్రాంతములవారు బత్తాయి యని పిలుచు పండును అనంతపురమువారు చీనీ యందురు. బోరుబావులు విస్తరించిన పిమ్మట ఈ సీమలో చీనీతోటలు వేలాది ఎకరములలో వెలసెను. నీరున్నంత కాలము అవి రైతునకు మంచి రాబడి నిచ్చినవి. ఆ మాటను కాదనరాదు. అయితే చీనీ ఎల్లప్పుడును ఆకుతో నుండు చెట్టు. ఆకున్నంత కాలము ఆకునుండి నీరు ఆవిరి యగుచునే యుండును. మే నెల ఎండలో కూడ దానికి దప్పిక తీఱదు. దాని వేళ్లు నేలకు పైపొరలలోనే ఎక్కువగా వ్యాపించును; వేసవిలో మొదట ఎండునది ఆ పొరయే.

2002 వంటి కఱవు సంవత్సరములలో బోర్లు ఒకటి తరువాత ఒకటి అడుగంటినప్పుడు, ట్యాంకర్లతో నీరు తెచ్చి పోసినవారు కలరు. ఉన్న బోరు ప్రక్కన మఱియొక బోరు త్రవ్వించి అప్పుల పాలైనవారు కలరు. తుదకు చెట్లను నఱికించి కట్టెల క్రింద అమ్మినవారును కలరు. ఇందు చెట్టు దోషము లేదు, రైతు సోమరితనమును లేదు. సంవత్సరము పొడవునను నీరు కోరు చెట్టు, ఆఱు నెలలు నీరు లేని నేలకు వచ్చినది. నడుమ నున్న లోటును బోరు కొంతకాలము పూడ్చినది. బోరు ఎండిన నాడు ఆ లోటు యథాస్థానమున నిలిచినది.

ఎండకు ఓర్చుటలో రెండు విధములు

'ఈ చెట్టు ఎండకు ఓర్చును' అని నర్సరీవారు చెప్పుదురు. ఆ మాటలో రెండర్థములు కలవు. చెట్టు ప్రాణముతో నిలుచుట ఒకటి. నిలిచి కాపు నిచ్చుట మఱియొకటి. పండ్లతోట వేయువానికి మొదటిది చాలదు.

దానిమ్మ దీనికి మంచి ఉదాహరణము. దానిమ్మ గట్టి చెట్టు. నీరు లేనప్పుడు ఆకు రాల్చి ప్రాణము నిలుపుకొనగలదు. కాని కాయ ఎదుగునప్పుడు నేల ఎండి, పిమ్మట ఒక పెద్దవానకు తడిసినచో కాయ పగులును. పగిలిన కాయకు అంగడిలో ధర లేదు. దీనికి తోడు బాక్టీరియా మచ్చతెగులు ఈ సీమ దానిమ్మతోటలను మిక్కిలి దెబ్బతీసినది. కావున దానిమ్మ కొద్దిపాటియైనను నిలుకడగల నీటి వసతి యున్నవారి చెట్టు గాని, వట్టి మెట్టవారి చెట్టు కాదు.

మామిడి సంగతియు ఆలోచింపదగినదే. మామిడి చలికాలమున పూచి, వేసవిలో కాయను పెంచి, వానలకు ముందు పండును. అనగా చెట్టునకు బరువు ఎక్కువగా నుండు మార్చి, ఏప్రిలు, మే నెలలే నేలలో తేమ మిక్కిలి తక్కువగా నుండు నెలలు. లోతైన ఎఱ్ఱనేలలో వేరు క్రిందికి దిగి, వెనుకటి వానకాలపు తేమను అందుకొనగలిగినచో మామిడి నిలుచును, కాయును. అడుగున్నరలోనే గరుసు తగులు నేలలో చెట్టు బ్రతుకునేమో గాని, పిందె నిలువదు. పొరుగు పొలములో మామిడి కాచినదని చూచి నాటుటకు ముందు, తన పొలములో గునపముతో త్రవ్వి చూచుట అవసరము.

కాలమునకు ఒదుగు చెట్లు

వాన ఉన్నప్పుడు పనిచేసి, వాన లేనప్పుడు నిద్రించు చెట్లు కొన్ని కలవు. మెట్టపొలమునకు మొదట పరిశీలింపవలసినవి అవియే.

వానిలో రేగు ముఖ్యమైనది. రేగు ఎండకాలమున ఆకు రాల్చి మోడువలె నుండును. చూచువారు చచ్చినదనుకొందురు. తొలకరితో క్రొత్త కొమ్మ వేసి, వానకాలపు చివర పూచి, చలికాలమున పండును. పూత, పిందె, కాయ పెరుగుదల అన్నియు నేలలో తేమ యున్న నెలలలోనే జరిగిపోవును. దాని తల్లివేరు లోతునకు పోవును. ఆకు క్రిందివైపున తెల్లని నూగు పఱచుకొని యుండి నీరు ఆవిరి యగుటను తగ్గించును. కొంత చౌడు తగిలిన నేలకు కూడ ఇది ఓర్చును. గోలా, సేబ్, ఉమ్రాన్ అను మేలురకములు ప్రసిద్ధములు; వీనిలో గోలా ముందుగాను, ఉమ్రాన్ ఆలస్యముగాను పండును. రేగు ఆ సంవత్సరపు క్రొత్త కొమ్మపైననే కాయును. కనుక వేసవిలో ఆకు రాల్చిన సమయమున కొమ్మలను కత్తిరించుట తప్పనిసరి. కత్తిరింపని రేగు పొదగా పెరిగి, ముండ్లనిచ్చును గాని మంచి పండ్ల నీయదు. దీనికి పండుఈగ బెడద కలదు. రాలిన పుచ్చుకాయలను ఏరి పాతిపెట్టుట, వేసవిలో చెట్టు క్రింద నేలను దున్నుట దానికి తొలి చికిత్స.

రెండవది సీతాఫలము. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతమునుండి వచ్చిన ఈ చెట్టు తెలుగునేలపై గుట్టలకు, బండరాళ్ల సందులకు స్వంతమైపోయినది. ఎవ్వరును నాటకయే, ఎవ్వరును నీరు పోయకయే అది గుట్టపైన కాయుచుండుట రైతు కన్నుల ఎదుటి సాక్ష్యము. లోతులేని గరుసు నేలకు ఇంతకంటె తగిన చెట్టు అరుదు. ఇదియు ఎండు నెలలలో ఆకు రాల్చును. వేసవి పొడిగాలిలో విచ్చిన పూలు నిలువవు గాని, వానగాలి సోకిన పిమ్మట పిందె కట్టును. ఆశ్వయుజ, కార్తిక మాసములకు పండును. మహబూబ్‌నగర్ సీమలోని బాలానగర్ పేర ప్రసిద్ధమైన రకము పెద్ద కన్నులతో, తీయని గుజ్జుతో పేరొందినది. మఱియొక గుణము కలదు: దీని ఆకును మేక ముట్టదు, గొఱ్ఱె ముట్టదు. కంచె వేయలేని పేదరైతునకు ఈ ఒక్క గుణము వేల రూపాయల విలువైనది. అయితే కోసిన పండు నాలుగు దినములలో మెత్తబడును. సంతకు దారి సరిగా లేని ఊరిలో సీతాఫలము ఎక్కువగా నాటుట, పండించి పారవేసికొనుటయే యగును.

మూడవది రాచయుసిరిక. దీని యందొక విశేషము కలదు. వసంతమున పూచి పిందె కట్టిన తరువాత, ఆ పిందె వేసవి అంతయు ఎదుగక కంటికి కనబడనంత చిన్నదిగా నిద్రించును. వానలు కురిసిన పిమ్మట మేల్కొని పెరుగ నారంభించి, చలికాలమునకు కోతకు వచ్చును. చౌడునకు కూడ ఇది చాలవఱకు ఓర్చును. అంటుమొక్క నాలుగైదేండ్లలో కాపునకు వచ్చును. ఒకే రకపు చెట్లను మాత్రమే నాటినచో పుప్పొడి సరిగా కలియక కాపు తగ్గును. చకయ్యా, కృష్ణ, కాంచన్, ఎన్.ఏ.7 వంటి రకములలో రెండు మూడింటిని వరుసలు కలిపి నాటవలెను. ఈ కాయను పచ్చిగా తినువారు తక్కువ. ఊఱగాయకు, ఔషధములకు కొనువారెవ్వరో ముందుగా విచారించి నాటుట మంచిది.

నాలుగవది చింత. ఇది పై నియమమునకు అపవాదమువలె కనబడును. మండువేసవిలో కూడ పచ్చగా నుండును. కారణము ఆకులో లేదు, వేరులో నున్నది. లోతైన నేల దొరికినచో చింత వేరు ఇతర చెట్లకు అందని తేమను అందుకొనును. కనుక చింతను లోతు గల నేలలోను, గట్ల వెంటను, వంక ప్రక్కలను నాటవలెను గాని, బండపైన కాదు. విత్తనపు చింత ఎనిమిది పదేండ్లకు గాని కాయదు. అంటు కట్టిన పి.కె.ఎం.1 వంటి రకములు అందులో సగము కాలమునకే కాపు పట్టును. చింతపండు కోసిన నాడే అమ్మవలసిన సరకు కాదు. తగిన విధముగా దాచినచో ఏడాది యుండును. హిందూపురము చింతపండు బజారు ఈ సీమకు చేరువలోనే కలదు. పండు కొట్టి గింజ తీయు పని వేసవిలో ఇతర కూలి దొరకని కాలమున స్త్రీలకు పని కల్పించును.

వీనికి తోడుగా వెలగను పొలము గట్టున, నేరేడును చెఱువు కట్ట దిగువను, నీరు ఊరు తావులను నాటవచ్చును. నేరేడు తేమ నెఱిగిన చెట్టు. దానిని ఎత్తుమెట్టపై పెట్టి దూషించుట న్యాయము కాదు.

వేరు నిలుపు విధము

చెట్టును సరిగా ఎన్నుకొన్నను, నాటు విధము తప్పినచో ఎన్నిక ఫలింపదు. మెట్టచెట్టు బలము తల్లివేరులో నున్నది. నర్సరీలో చిన్న సంచిలో ఏడాదికి మించి నిలువయున్న మొక్కకు తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకొని యుండును. అట్టి మొక్క పైకి ఎంత పొడవుగా నున్నను, క్రిందికి దిగలేదు. కొనునప్పుడు మొక్క ఎత్తును చూచి ఎక్కువ ధర నిచ్చుట కంటె, సంచి అడుగును చూచి లేతమొక్కను తెచ్చుకొనుట మేలు.

రేగు విషయమున ఇంకను మంచి పద్ధతి కలదు. గుంటలోనే నాటురేగు గింజలను విత్తి, మొలచినవానిలో బలమైన దానిని నిలిపి, మఱుసటి సంవత్సరము దానిపై మేలురకపు కన్నును కట్టవలెను. తల్లివేరు ఒక్కనాడును కదలదు. అంటు పట్టిన కొమ్మకు పుట్టినింటి వేరే ఆధారమగును. ఖర్చు కూడ తక్కువ.

గుంటలను వేసవిలోనే రెండు మూడు అడుగుల లోతు, అంతే వెడల్పున త్రవ్వి ఎండనీయవలెను. తరువాత పైమన్ను, చివికిన పశువుల ఎఱువు, చెఱువు మన్ను కలిపి పూడ్చి, మంచి పదును పడిన పిమ్మట నాటవలెను. సీతాఫలమునకు 5 మీటర్లు, రేగునకు, ఉసిరికకు 8 మీటర్లు, చింతకు 10 మీటర్ల ఎడముండుట మేలు. ఆ లెక్కను ఎకరమునకు సుమారు 160 సీతాఫలములు, లేక 63 రేగుచెట్లు, లేక 40 చింతలు పట్టును. దగ్గఱగా నాటిన చెట్లు మొదట పొలమును నిండుగా చూపినను, కఱవు వచ్చినప్పుడు ఒకదాని నీరు మఱియొకటి త్రాగి రెండును క్షీణించును.

పడిన వానను చెట్టు మొదటికి చేర్చుట తరువాతి పని. ఇజ్రాయేలు దేశపు నెగెవ్ ఎడారిలో ఏడాదికి 100 మిల్లీమీటర్లకు అటునిటు మాత్రమే వాన పడును. అచ్చట ప్రాచీన కాలమున నబాతీయులు గుట్టల నీటిని కాలువలతో మళ్లించి లోయలలో సేద్యము చేసిరి. మైఖేల్ ఎవెనారి యను వృక్షశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1950ల చివరినుండి ఆ పాత పొలములను పునరుద్ధరించి, బాదము, పిస్తా వంటి చెట్లను వాన వరద నీటితోడనే పెంచి చూపిరి. అనంతపురములో పడు వాన అంతకు అయిదు రెట్లు. ఇచ్చట అంత పెద్ద కట్టడములు అక్కఱలేదు. ఒక్కొక్క చెట్టునకు ఎగువ వాలు 100 చదరపు మీటర్లు వదలి, దిగువను అర్ధచంద్రాకారముగా చిన్న కట్ట వేసినచో చాలును. 20 మిల్లీమీటర్ల వానకు ఆ వాలుపై 2,000 లీటర్ల నీరు పడును. అందు మూడవ వంతు జాఱి పాదులోనికి చేరినను, 650 లీటర్లకు పైగా చెట్టునకు దక్కినట్లే. పాదుపై ఎండుటాకు, వేరుసెనగ పొట్టు పఱచినచో ఆ తేమ త్వరగా ఆఱదు.

మొదటి రెండు మూడు వేసవులు మాత్రము ఏ చెట్టునకైనను చేయూత కావలెను. 'ఎండకు ఓర్చు చెట్టు' అను పేరు వేరు దిగిన చెట్టునకే గాని పసిమొక్కకు కాదు. మొక్క ప్రక్కన సున్నితపు రంధ్రములు గల మట్టికుండను మూతి పైకుండునట్లు పాతి, వారమునకొకసారి నింపినచో, నీరు మెల్లగా ఊరి వేరునకు చేరును. ఈ నీరు ఎక్కడినుండి తేవలెనో, ఎవరు మోయుదురో నిర్ణయింపక ఎకరములకొలది నాటుట కంటె, మోయగలిగినన్ని మొక్కలే నాటుట వివేకము. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద ఈ రాష్ట్రమున మెట్ట రైతుల పొలములలో పండ్లతోటలు నాటబడినవి. గుంట త్రవ్వుటకు కూలి దొరకుట గొప్ప సహాయమే. కాని మూడు వేసవులు కాపాడుట ఎన్నడును రైతు కుటుంబపు చేతిలోనిదే.

పొలమంతయు తోట కారాదు

చిన్న రైతు తన భూమినంతటిని ఒక్కసారిగా తోట చేయుట క్షేమము కాదు. కాపు వచ్చువఱకు ఇల్లు గడువవలెను గదా! అయిదెకరములున్నవాడు ఎకరము, ఎకరమున్నరతో మొదలుపెట్టుట మంచిది. చెట్ల వరుసల నడుమ కంది, అలసంద, ఉలవ వంటి పైరులను వేసికొనవచ్చును; పాదును మాత్రము వాని వేళ్లకు అప్పగింపరాదు. అట్లే ఒకే జాతి చెట్టుపై ఆశ పెట్టుట కంటె, వేర్వేఱు కాలములలో పండు మూడు జాతులను కలిపి నాటుట మేలు. సీతాఫలము వానకాలపు చివర, రేగును ఉసిరికయు చలికాలమున, చింత వేసవి మొదట రాబడి నిచ్చును. ఒకదానికి ధర పడిపోయినను, తెగులు తగిలినను, తక్కినవి ఆదుకొనును.

మఱియొక విషయము ఒక్క రైతు చేతిలో లేదు. పైరు కోసిన పిమ్మట పొలములన్నియు మేకలకు, గొఱ్ఱెలకు విడుచుట పల్లె ఆచారము. మందపై బ్రతుకువారికి అది జీవనాధారము; తోటవానికి అది భయము. ఒక రాత్రి మంద మూడేండ్ల మొక్కలను మొదలంట మేయగలదు. ఈ చిక్కు తగవులతో తీఱదు. ఏ దిక్కు పొలములలో తోటలు వేయవలెనో, ఏ దిక్కు మేతకు విడువవలెనో గ్రామస్థులు మందల కాపరులతో కలిసి కూర్చుండి ముందుగా నిర్ణయించుకొనవలెను. తోటలన్నియు ఒక దిక్కున నున్నచో కంచె ఖర్చును, కావలి ఖర్చును పంచుకొనవచ్చును.

గ్రంథాలయము చేయదగిన పని

మెట్టసేద్యముపై దేశమున పరిశోధన కొఱత లేదు. అఖిల భారత మెట్టసేద్య పరిశోధన పథకము 1970లో మొదలైనది. హైదరాబాదున కేంద్రీయ మెట్టసేద్య పరిశోధన సంస్థ 1985లో ఏర్పడినది. అనంతపురము వద్ద రేకులకుంటలో పరిశోధన కేంద్రము కలదు. ఏ రకము మంచిదో ఆ సంస్థలు చెప్పగలవు. కాని ఈ యూరి తూర్పు చేలలో ఎన్నడుగుల క్రింద బండ తగులునో, పడమటి వంక ప్రక్క పొలమున ఏ నెల వఱకు తేమ యుండునో, ఎవరు నాటిన ఏ చెట్టు ఏ కఱవునకు తట్టుకొన్నదో ఆ సంస్థలకు తెలియదు. ఆ జ్ఞానము గ్రామములోనే యున్నది. అయితే ఒక్కచోట వ్రాసిపెట్టబడి యుండలేదు. పెద్దవారు పోయినప్పుడెల్ల అందులో కొంత పోవుచున్నది.

దానిని వ్రాసి యుంచుట గ్రంథాలయమునకు తగిన పని. గ్రంథాలయపు ముంగిట ఒక వానకొలత పాత్ర నిలిపి, పడిన వాననెల్ల ప్రతిదినము ఉదయమున కొలిచి ఒక పుస్తకములో వ్రాయవచ్చును. పాఠశాల పిల్లలు సైతము ఈ పనిని నేర్చుకొనగలరు. రెండవ పుస్తకమున గ్రామములో నాటిన ప్రతి తోటకు ఒక పుట కేటాయింపవలెను. నాటిన సంవత్సరము, చెట్టు జాతి, రకము, నేల లోతు, పోసిన నీరు, బ్రతికిన మొక్కలు, తొలికాపు, అమ్మిన ధర అందు వ్రాయవలెను. ఎండిపోయిన తోటను కూడ సిగ్గుపడక వ్రాయింపవలెను. కాచిన తోట ఎంత నేర్పునో, ఎండిన తోటయు అంత నేర్పును. పదేండ్ల పిదప ఆ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన రైతునకు, ఈ యూరిలో ఏ నేలకు ఏ చెట్టు తగునో చెప్పుటకు వేఱొకరు అక్కఱలేదు.

అంతవఱకు మొక్క కొనుటకు పోవు ప్రతి రైతును మూడు ప్రశ్నలను వెంట తీసికొనిపోవలెను. ఈ చెట్టు దప్పిక గొను నెలలును, తన పొలమున తేమ యుండు నెలలును ఒకటేనా? దాని వేరు దిగుటకు తగిన లోతు తన నేలకు కలదా? పండిన పండు చెడకముందే కొనువాని చేతికి చేరునా? మూడింటికిని అవునని సమాధానము వచ్చిన చెట్టు, బజారులో పేరు తక్కువదైనను, నాటదగినది. ఒక్కదానికి కాదని వచ్చినను, దాని పండు ఎంత ధర పలికినను, నీరులేని పొలములో దానికి చోటు లేదు. చీనీతోటలకు పెట్టిన సొమ్మును, వయస్సును పోగొట్టుకొన్నవారి కష్టము వృథా కాకుండవలెనన్నచో, తరువాత నాటువారు ఈ ప్రశ్నలను అడిగి నాటవలెను.